చింతాకు అంచు శాలువా

మా బొగ్గుగనుల ఊళ్ళలో మనిషి డ్యూటీ దిగిపోయాడంటే, అంటే రిటైరయ్యాడంటే చాలు, మెడ నిండా శాలువాలు పడతాయి. గని మేనేజరు ఒకటి, యూనియన్ వాళ్ళు ఒకటి, షిఫ్టులో తోటివాళ్ళు ఒకటి, బంధువులు తలా ఒకటి. కప్పడం, ఫోటో దిగడం, తీసి పక్కన పెట్టడం. మెరిసే జరీ అంచు, లోపల పాలిస్టరు, పైన గలగలమనే ప్లాస్టిక్ కవరు. వాటిని కప్పుకుని పడుకున్న మనిషిని నేను బుద్ధెరిగాక చూడలేదు. కప్పుకుంటే జారిపోతాయి, చలి ఆపవు. మరి అన్ని శాలువాలు ఏమవుతాయయ్యా అంటే, తిరుగుతాయి. ఈ నెల మనకు కప్పింది వచ్చే నెల ఇంకొకరికి మనం కప్పుతాం. ఆయన దాన్ని ఇంకొకరికి కప్పుతాడు. మా బాపు ఎవరికో కప్పిన శాలువా ఊరంతా తిరిగి ఆయన సొంత రిటైర్మెంటు రోజున ఆయన భుజం మీదికే వచ్చింది. మూలన ఉన్న చాయ్ మరక చూసి గుర్తుపట్టి, వేదిక మీదే మైకు ముందు "ఇది మా ఇంటిదేరా బై" అని పకపకా నవ్వాడు. అమ్మ తల పట్టుకుంది.

ఇందులో తప్పేముందని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. ఎవరికీ పనికిరానిది ఎంత తిరిగితే ఏం? కానీ ఆ తిరుగుడులో మా ఇంట్లోంచి ఒక అసలైన శాలువా కలిసిపోయింది. అది అమ్మ చేత్తో కుట్టిన ఊలు శాలువా. దాన్ని వెతుక్కుంటూ ఒక డిసెంబరులో అమ్మా బాపూ నేనూ తిరిగిన తిరుగుడే నేను చెప్పాలనుకున్నది.

అమ్మ కుట్టుపని నేర్చుకున్నది మిషన్ హాస్టల్లో. తాత కూడా గని కార్మికుడే. ఆడపిల్లకు నాలుగు అక్షరాలు వస్తాయని హాస్టల్లో వేశాడు. అక్కడి టీచరమ్మ సాయంత్రాలు పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి సూది పట్టించేది. గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు. నమూనా ఎప్పుడూ ద్రాక్షతీగే. అమ్మ అప్పటికి ద్రాక్షపండు కళ్ళతో చూసింది లేదు. "తెల్వని పండు ఎందుకు కుట్టాలె" అని చింతాకు కుట్టిందట. టీచరమ్మ విప్పించింది. అమ్మ మళ్ళీ చింతాకే కుట్టింది. మూడోసారి టీచరమ్మే విసుగెత్తి వదిలేసింది. మా అమ్మ మొండితనానికి అది మొదటి సాక్ష్యం, మిగతావి మా ఇంట్లో చాలా ఉన్నాయి.

పెళ్ళై గోదావరిఖని కంపెనీ క్వార్టరుకు వచ్చాక ఊలు మీద కుట్టడం మొదలుపెట్టింది. దానికి కారణం ఒక కాశ్మీరీ శాలువాల భాయ్. దీపావళి దాటిందంటే మూట భుజాన వేసుకుని మా కాలనీలో తిరిగేవాడు. మూట విప్పితే ఆడవాళ్ళు చుట్టూ చేరి వేళ్ళతో తడిమి, ధర అడిగి, మూతి ముడుచుకుని పోయేవాళ్ళు. అమ్మ మాత్రం శాలువాను తిరగేసి వెనకవైపు చూసేది. భాయ్‌కి అది నచ్చింది. "అమ్మా, అందరూ ముందు చూస్తరు, నువ్వు వెనక చూస్తవు" అని, పువ్వుల్లేని సాదా ఊలు శాలువా, రంగురంగుల ఊలు దారం ఆమెకు తెచ్చిచ్చేవాడు. ఎలా కుట్టాలో అరుగు మీద కూర్చుని చూపించేవాడు. "ఊలును గుంజొద్దమ్మా, గుంజితే అలుగుతది. ముడేస్తే గుచ్చుకుంటది. ఫ్రేములో బిగించొద్దు, ఒళ్ళో పెట్టుకుని కుట్టాలె, బిడ్డ తీర్గ" అనేవాడు. నూలుబట్టకు అలవాటుపడిన అమ్మ చేయి మొదట్లో బిగదీసేది, శాలువా అంచు అప్పడంలా ముడుచుకుపోయేది. అంతా విప్పి మళ్ళీ కుట్టేది.

"నువ్వు కూడ ఇంత మంచిగ కుడుతవా భాయ్?" అని ఒకసారి అమ్మ అడిగింది. ఆయన నవ్వి, "మా బాపు కుట్టేటోడు. కండ్లు పోయినయి. నాకు నేర్పలే. నువ్వు అమ్ముకుని బతుకు అన్నడు" అన్నాడు. ఆ మాట అమ్మ మనసులో ఎంత లోతుకు దిగిందో ఏమో, నాకు సూది ఇవ్వలేదు. నేను అడిగాను. బతిమాలాను. ఏడ్చాను కూడా. "చదువుకో పో. కండ్లు ఖరాబు చేసుకోకు" అని కసిరేది. అమ్మ అన్నట్టే చదువుకున్నాను, టీచరునయ్యాను, కళ్ళజోడు మాత్రం ముప్పై ఏళ్ళకే వచ్చింది. కళ్ళు పోయేవి ఎలాగూ పోయాయి. చేయి మాత్రం ఖాళీగా మిగిలింది.

అమ్మ కుట్టిన శాలువాలన్నీ బయటికే వెళ్ళాయి. పాస్టరుగారికి, పెళ్ళికూతుళ్ళకు, బదిలీ అయి వెళ్ళే ఇంజనీర్ల భార్యలకు. తీసుకున్నవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో" అని బీరువాలో పెట్టేసేవారు. ఒక్కరూ కప్పుకుని బయటికి వచ్చింది లేదు. "కప్పుకుంటే పాడైతదని భయపడతరు" అని అమ్మ సర్దిచెప్పుకునేది. ఇంట్లోవాళ్ళం మేమెవరమూ ఆమె పనిని పెద్దగా పట్టించుకోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదే మా సంగతి.

బాపు అండర్‌గ్రౌండ్‌లో బొగ్గు ఎత్తి నింపే కోల్ ఫిల్లరుగా చేరినవాడు. డ్యూటీ దిగే రోజు దగ్గర పడుతోందని అమ్మ ఆయన కోసం ఒక శాలువా మొదలుపెట్టింది. బూడిదరంగు ఊలు. నాలుగు అంచులా ఆకుపచ్చ చింతాకు, నాలుగు మూలలా పసుపు తంగేడుపువ్వు. బాపు షిఫ్టుకు వెళ్ళగానే తీసేది, సైకిలు బెల్లు వినపడగానే దాచేది. చెప్పొద్దూ, ఆ వయసులో అమ్మ ముఖంలో కొత్త పెళ్ళికూతురి దొంగతనం కనబడేది. నేను ఏడిపిస్తే సూది చూపించి బెదిరించేది.

తీరా రిటైర్మెంటు పడింది మే నెలాఖరున. మా ఊరి మే నెల తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. గని మీద రేకుల షెడ్డులో సభ. అమ్మ సంచిలో ఊలు శాలువా పెట్టుకుని వేదిక ఎక్కింది. మేనేజరు కప్పాడు, నాయకులు కప్పారు. జరీలు మిలమిలలాడుతున్నాయి. అమ్మ సంచిలోకి చూసుకుంది, వాటి వంక చూసింది, మళ్ళీ సంచిలోకి చూసుకుంది. తీయలేదు. ఇంటికొచ్చాక తీసి భుజం మీద వేయబోతే బాపు చెమటలు కక్కుతూ ఎగిరి పడ్డాడు.

"ఓ తల్లీ! గీ ఎండల ఊలు కప్పుతవా? రిటైరైన దినమే సంపుతవా నన్ను?"

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. "సరే తీయి, చలికాలం కప్పుకుందువు" అని మడిచి పెట్టింది.

చలికాలం వచ్చింది. క్రిస్మస్‌కు కప్పుకుందువు అంది అమ్మ. క్రిస్మస్ పొద్దున బాపే అన్నాడు, "బయట బొగ్గు పొగ, దుమ్ము. గంత మంచిది ఎందుకే పాడుచేసుడు? ఉండనియ్యి." మరుసటి ఏడు కూడా అదే మాట. ఆ తర్వాత అమ్మే అనడం మొదలుపెట్టింది, ఏదైనా పెద్ద అక్కరకు ఉంటుందని. మా ఇళ్ళలో మంచి వస్తువుకు పట్టే గతి ఇంతే. మంచి గ్లాసులు చుట్టాలకు, మంచి దుప్పటి అల్లుడికి, మంచి చీర పెట్టె అడుగుకు. పాత స్వెటరు చిల్లులతో బాపు ఒంటి మీద, భార్య కుట్టిన శాలువా బీరువాలో. తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియదు.

ఈలోగా శాలువాల భాయ్ రావడం మానేశాడు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. అమ్మకు షుగరు వచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కి సూది పట్టు చిక్కడం మానేసింది. కళ్ళకు ఆపరేషన్ చేయించినా ఊలుపోగు ఆనదు. "నా కుట్లు అయిపోయినయి" అని ఒకరోజు సూదుల డబ్బా తీసి పైన అటక మీద పెట్టేసింది. అంటే ఆ బూడిదరంగు శాలువాయే ఆమె చేతి నుంచి వచ్చిన ఆఖరిది.

ఆ ఏడు చలి మొదలయ్యేసరికి బాపుకు దగ్గు ముదిరింది. దవాఖానలో డాక్టరు ఛాతీకి ఫోటోలు తీయించి, గనిలో మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉందని, చలి తగలనియ్యవద్దని చెప్పాడు. ఇంటికి వచ్చిన సాయంత్రమే అమ్మ నిర్ణయం చేసేసింది.

"ఈ క్రిస్మస్‌కు చర్చికి పోయేటప్పుడు నా చేతితోని కప్పుత. ఎట్ల వద్దంటవో నేను చూస్త."

"కప్పు తల్లీ, కప్పు. నేనేమన్న వద్దన్ననా?" అన్నాడు బాపు. ఈసారి నిజంగానే వద్దనలేదు.

అమ్మ బీరువా తెరిచింది. శాలువాకు పురుగు పట్టకుండా తను దాచిన పద్ధతి ఏమిటంటే, పువ్వులు లోపలికి వచ్చేట్టు మడిచి, పాత రిటైర్మెంటు శాలువా తాలూకు ప్లాస్టిక్ కవరు ఖాళీ చేసి అందులో పెట్టింది. కలరా ఉండలు కూడా వేసింది. పక్కనే బాపు సన్మానాల శాలువాలు, అవే కవర్లలో. వాటి అడుగున ఉండాల్సిన కవరు లేదు. మళ్ళీ మళ్ళీ వెతికింది. అన్నీ తీసి మంచం మీద పరిచింది. అన్నీ జరీలే.

"ఇండ్ల బూడిదరంగుది ఒకటుండె. ఏది?"

బాపు ఆలోచించాడు. ఆలోచిస్తున్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. సెంటినరీ కాలనీలో ఉండే ఆయన దోస్తు ఆ ఫిబ్రవరిలో డ్యూటీ దిగిపోయాడు. ఫంక్షన్‌కు వెళ్ళే తొందరలో బీరువాలోంచి చేతికందిన కవరు తీసుకుని వెళ్ళాడు. "బరువున్నది, మంచిదే ఉంటది అనుకున్న" అన్నాడు. నిజమే, బరువు చూసి మంచిదని గుర్తుపట్టాడు పాపం. అదేమిటో మాత్రం గుర్తుపట్టలేకపోయాడు.

"కప్పేటప్పుడు విప్పలేదా? పువ్వులు కనపడలేదా?" అని అరిచాను నేను.

"గుంపుల ఎవరు సూశిండ్రు బిడ్డా? ఫోటో తీసేటోడు జల్ది జల్ది అంటుండె."

అమ్మ అరవలేదు, ఏడవలేదు. పరిచిన శాలువాలన్నీ మళ్ళీ మడిచింది. "పోయి అడిగి తెద్దాం" అంది. అంతే. ఇచ్చినదాన్ని అడగడమేమిటి, పరువేం కావాలని బాపు గొణిగాడు. "నేను దాచింది పోగొట్టినప్పుడు పోని పరువు, అడిగితే పోతదా?" అని ఒక్క మాట అంది. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

సెంటినరీ కాలనీలో బాపు దోస్తు ఇంటికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాం. బాపు అసలు సంగతి చెప్పలేక రాజకీయాలు మాట్లాడుతున్నాడు. అమ్మే ఆ ఇంటావిడతో నేరుగా చెప్పేసింది. ఆవిడ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో చెల్లె, గది నువ్వు కుట్టిందా! మావోనికి సదువు చెప్పిన సారు మంథనిల ఉంటడు. టీచర్స్ డే నాడు పోయి ఆయనకు కప్పొచ్చినం. అన్నిట్ల అదే మంచిగున్నదని అదే పట్టుకపోయినం." ఆవిడ లోపలి నుంచి ఒక పెట్టె లాక్కొచ్చింది. "ఇండ్ల నీకు ఏది కావాలంటే గది తీసుకో చెల్లె." పెట్టె నిండా ప్లాస్టిక్ కవర్లు. అమ్మ మర్యాదకు కూడా ఒక్కటీ ముట్టుకోలేదు.

మంథని సారుది ఆ ఊళ్ళో తరాలుగా ఉన్న ఇల్లు. బడిలో చెప్పి రిటైరయ్యాక పూజలు చూసుకుంటున్నాడు. వరండాలో మాకు కుర్చీలు వేయించి, విషయం విని అమ్మ వైపు తిరిగాడు.

"అది మీ చేతిపనా అమ్మా? మడికి ఊలు మంచిదని రోజూ పూజలో అదే కప్పుకునేవాణ్ణి. మా ఇంటావిడ ఆ చింతాకు చూసి పప్పులో వేసుకునేటట్టుందని నవ్వేది. ఉంచుకోవాల్సింది. కానీ ఉంచుకోలేకపోయాను."

ఆయన దగ్గర చదువుకున్న ఒకతను కాసిపేట గనిలో పనిచేశాడట. ఊపిరితిత్తులు చెడిపోయి, మెడికల్ అన్‌ఫిట్ అయి, యాభై దాటకుండానే మంచం పట్టాడట. కార్తీక మాసంలో ఈయన చూడటానికి వెళ్ళాడు. శిష్యుడు వణుకుతూ దగ్గుతుంటే చూడలేక, భుజం మీదున్నది తీసి కప్పేసి వచ్చాడు.

"మీరు వెళ్ళి నా పేరు చెప్పండి. ఇస్తారు" అన్నాడు సారు. గేటు దాకా సాగనంపుతూ, "ఇస్తారనే అనుకుంటున్నాను" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను చెప్పాను, ఇక వదిలేద్దామని. క్రిస్మస్ దగ్గర పడింది, కాసిపేట దాకా ప్రయాణం, బాపుకు దగ్గు. ఇద్దరూ వినలేదు. బాపుకు ఇప్పుడు పట్టుదల వచ్చింది. పోగొట్టింది తనే కాబట్టి తెచ్చేదీ తనేనట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆయనను చూస్తే తెలిసేది.

పొద్దున్నే బస్సెక్కాం. ఆడవాళ్ళం కాబట్టి అమ్మకూ నాకూ ఫ్రీ టికెట్టు, బాపుకు మాత్రం కొట్టాల్సి వచ్చింది. "గనిల పనిచేసింది నేను, ఫ్రీగ తిరిగేది మీరు" అని కండక్టరు వినేటట్టు సణిగాడు. గోదావరి వంతెన మీద మంచు ఇంకా విడలేదు. ఇందారం దగ్గర జైపూర్ ప్లాంటు పొగగొట్టాలు మంచులో సగమే కనబడుతున్నాయి. అమ్మ ఒళ్ళో ఖాళీ సంచి పెట్టుకుని కూర్చుంది. శాలువా పెట్టుకోవడానికి తెచ్చిన సంచి అది. ఉతికి, ఎండబెట్టి మరీ తెచ్చింది. మంచిర్యాలలో బస్సు మారి, సోమగూడెం దగ్గర దిగి ఆటో ఎక్కాం.

కాసిపేటలో ఆ ఇంటి ముందు ఎండలో నులకమంచం వేసి ఉంది. ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి. పక్కన బొగ్గు కుంపటి. ఆయన చుట్టూ బూడిదరంగు శాలువా. నేను అమ్మను చూశాను. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. తను కుట్టిన శాలువాను ఒక మనిషి ఒంటి మీద ఆమె చూడటం అదే మొదటిసారి.

సారు పంపించాడని, పలకరించడానికి వచ్చామని బాపు ఏదో చెప్పాడు. మంచం మీది మనిషి భార్య గబగబా కుర్చీలు తెచ్చింది, చాయ్ పెట్టింది. అమ్మ కుర్చీలో కూర్చోకుండా మంచం కొసన కూర్చుంది. శాలువా మీద చారు మరకలున్నాయి. ఒక మూల తంగేడుపువ్వు పక్కన కుంపటి నిప్పురవ్వ పడి చిల్లు పడింది. అంచు పోగులు లేచాయి. నాకు కోపం వచ్చింది. అమ్మ ముఖంలో మాత్రం కోపం కనపడలేదు.

"వెచ్చగ ఉన్నదా తమ్మీ?" అని అడిగింది.

"ఇది లేకుంటే నిద్ర పట్టదక్కా" అన్నాడతను. ప్రతి నాలుగు మాటలకూ ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. "రాత్రిపూట దగ్గు వచ్చినప్పుడు ఈ ఆకుల మీద వేలు పెట్టి పోత. ఒక్కొక్క ఆకు. దగ్గు ఆగేదాక పోత. ఒక్క కాడ మాత్రం వేలు తప్పుతది. రెండు ఆకులు ఒక్కదాని మీద ఒకటి ఎక్కినయి ఆడ. కుట్టినోళ్ళు ఏదో ఆలోచన చేసిండ్రు."

అమ్మ చేయి దానంతట అదే ఆ చోటికి వెళ్ళింది.

"ఆలోచన కాదు తమ్మీ. ఆ దినం గని కాడ ప్రమాదం సైరన్ మోగింది. ఈయన మొదటి షిఫ్టుల లోపట ఉండె. సూది చేతులనే పట్టుకుని ఉరికిన. ఈయన మంచిగనే పైకొచ్చిండు. మల్ల విప్పి కుట్టబుద్ధి కాలే."

నేనూ ఆ మాట అప్పుడే విన్నాను, బాపు కూడా. ఆయన తల వంచుకున్నాడు.

మంచం మీది మనిషికి అర్థమైంది. ఆయన భార్యకు ఇంకా ముందే అర్థమైంది. ఆమె చాయ్ గ్లాసులు కింద పెట్టి వచ్చి, భర్త భుజం మీది శాలువా తీయబోయింది. "మాకు తెల్వదు అక్కా. సారు కప్పిపోయిండు. మీది మీరు తీసుకోండ్రి" అంది. శాలువా ఒక భుజం దిగేసరికి అతనికి దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, మనిషినంతా మెలిపెట్టేది. బాపు లేచి నిలబడ్డాడు. ఆయన చేయి సగం దాకా చాచి ఉంది, శాలువా అందుకోవడానికే. నేను చూశాను.

అమ్మ శాలువా అందుకుంది. అందుకుని, మళ్ళీ అతని భుజాల చుట్టూ తిప్పి, గొంతు కింద కొసలు దోపింది.

"ఉంచుకో తమ్మీ. దీన్ని కప్పుకునేటోడు ఇన్నేండ్లకు దొరికిండు."

ఖాళీ సంచితో తిరిగి వచ్చాం. బస్సులో బాపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వంతెన దాటి మా ఊరి గని మట్టి డంపుల గుట్టలు కనబడ్డాక ఒక్కసారిగా అన్నాడు, "నా కోసం కుట్టిన అని ఇన్నేండ్ల నుంచి చెప్పినవు. తీరా పోతే వానికి కప్పొచ్చినవు."

అమ్మ ఖాళీ సంచి మడుస్తూ కూర్చుంది. నాకు కోపం ఆగలేదు. పోగొట్టినవాడే అలుగుతాడా? "నువ్వు దోస్తుకు కప్పలేదా బాపూ?" అన్నాను. "నేను తెల్వక కప్పిన బిడ్డా. మీ అమ్మ తెలిసి కప్పింది" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది కోపం కాదని నాకు ఇంటికి వచ్చాక తట్టింది. అది చిన్నపిల్లల ఏడుపు. మొగుడు ఒకడు భార్య చేతి పనిని అంతగా కోరుకున్నాడని మాకు ఆయన ముసలితనంలో తెలిసింది, ఏం లాభం.

అలక ఊరికే పోలేదు. క్రిస్మస్ పొద్దున బాపు బీరువాలోంచి అన్నిట్లోకి ఎక్కువ మెరిసే జరీ శాలువా ఏరి, కప్పుకుని చర్చికి బయలుదేరాడు. అది మూడడుగులకోసారి జారిపోతోంది. ఎత్తి వేసుకోవడం, జారడం. చర్చి మెట్ల దగ్గర అమ్మ వెనక నుంచి పట్టుకుని పిన్నీసు పెట్టింది. ఆయన వద్దనలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆరాధన మధ్యలో దగ్గుతూనే ఉన్నాడు. అమ్మ నా పక్కన కూర్చుని చేతులు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంటూ ఉంది, తిమ్మిరి పోవడానికి. ఆ రాత్రి ఇంట్లో నేను అటక మీది సూదుల డబ్బా తీసి, నాకు చూపించమ్మా, నేను కుడతాను అన్నాను. "ఎట్ల చూపించాలె బిడ్డా? అది చేతులకు తెలుసు గని నాకు తెల్వదు. చేతులేమో పోయినయి" అంది. నిజంగానే ప్రయత్నించింది కూడా. నా చేయి పట్టుకుని నాలుగు కుట్లు వేయించింది. నేను ఊలును గుంజాను. గుడ్డ ముడుచుకుంది.

బాపు ఆ చలికాలం దాటాడు, ఎండాకాలం దాటాడు. వానాకాలంలో ఒక తెల్లవారుజామున దవాఖానలో పోయాడు.

మా ముందు గదిలో పెట్టెలో పడుకోబెట్టాం. గని మీది వాళ్ళు, యూనియన్ వాళ్ళు, చర్చి వాళ్ళు, సెంటినరీ కాలనీ దోస్తు, అందరూ వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక శాలువా కప్పారు. మా వైపు చావుకు కూడా శాలువాయే గౌరవం. కవరు చించిన చప్పుడు, పరిచిన చప్పుడు. ఒకదాని మీద ఒకటి పడి పడి బాపు ముఖం తప్ప ఏమీ కనపడకుండా పోయింది. సమాధి దగ్గరికి తీసుకెళ్ళే వేళయింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ నన్ను పిలిచింది.

"అవన్ని తీసెయ్యి."

సంఘ పెద్ద ఒకాయన వారించాడు. "గట్లెందుకమ్మా, అందరు గౌరవంతోని కప్పిండ్రు. ఉండనియ్యి."

"ఉంటే ఏమొస్తది అయ్యా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు గానీ గదిలో అందరికీ వినబడింది. "చలి పెట్టినప్పుడు నేను కప్పలే. బీరువాల దాచిన. ఇప్పుడు ఎవరు కప్పినా ఆయనకు తెల్వదు."

నేను ఒక్కొక్క శాలువా తీసి పక్కన పెట్టాను. తెల్లచొక్కాలో బాపు చాలా చిన్నగా కనిపించాడు. అమ్మ వచ్చి పెట్టె పక్కన కూలబడి, తిమ్మిరి పట్టిన రెండు చేతులూ ఆయన ఛాతీ మీద పరిచి పెట్టింది. మూత వేయడానికి వాళ్ళు లేపేదాకా తీయలేదు.